చెప్పిన వేళకు వచ్చే మనిషి

బిడ్డకు రక్త క్యాన్సర్ అని డాక్టర్ చెప్పిన రాత్రి, ఒమన్‌లో ఉద్యోగం చేసుకునే తండ్రి మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "రాజీనామా చేసేయమంటారా?" సొహార్ పోర్టులో క్రేన్ నడిపే మనిషైనా, రువీలో లెక్కలు రాసే మనిషైనా ఇదే అడుగుతారు. మస్కట్‌లో హెచ్‌ఆర్ పని చేస్తూ ఈ మాట నేను నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లూ ఒకే జవాబు చెప్పాను. ఈ వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి.

బిడ్డ పక్కన ఉండాలని ఏ తండ్రికుండదు? కానీ గల్ఫ్‌లో మన ఉద్యోగం, వీసా, ఇల్లు, ఆరోగ్య బీమా అన్నీ ఒకే తాడుకు కట్టి ఉంటాయి. ఒక ముడి విప్పితే అన్నీ జారిపోతాయి. మీ బతాకా, అంటే రెసిడెంట్ కార్డు, రద్దయితే భార్యాబిడ్డల బతాకాలూ పోతాయి. కంపెనీ బీమా ఆగిపోతుంది. చికిత్స మధ్యలో కొత్త బీమా తీసుకుంటే, ముందే ఉన్న జబ్బుకు వర్తించదనే షరతు ఎదురవుతుంది. అందుకే ఈ చికిత్స ఎంతకాలం సాగుతుందో ముందు తెలుసుకోవాలి. అది తెలిస్తే మిగతా లెక్కలు వేసుకోవచ్చు.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. వార్డులో అందరూ ఏఎల్ఎల్ అంటారు. దీని చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. మొదటి నెల, అయిదు వారాలు గట్టి మందులు. బిడ్డ ఎక్కువగా ఆసుపత్రిలోనే ఉంటుంది. తర్వాత ఆరు నుంచి తొమ్మిది నెలలు రాకపోకలు: కీమోకి అడ్మిషన్, ఇంటికి, జ్వరమొస్తే మళ్లీ అడ్మిషన్. ఆ తర్వాత మిగిలిన కాలమంతా ఇంట్లో రోజూ బిళ్లలు, అప్పుడప్పుడూ ఆసుపత్రి. గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి ఇంతకంటే తక్కువ కాలం పడుతుంది, కానీ ఆపరేషన్, రేడియేషన్ తోడవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా బతికి బయటపడుతున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా దాటడం లేదు. ఆ తేడాకు జబ్బును ఆలస్యంగా గుర్తించడం, మందులు దొరకకపోవడం కారణాలు. డబ్బూ ఓపికా అయిపోయి చికిత్స మధ్యలో మానేయడం కూడా అంతే పెద్ద కారణం. అందుకే తల్లిదండ్రులు తమ సెలవులను, జీతాన్ని, నిద్రను రెండేళ్లకు పైగా సరిపెట్టుకోవాలి. నా దృష్టిలో అదీ చికిత్సలో భాగమే.

సెలవుల సంగతి. ఒమన్‌లో 2023లో వచ్చిన కార్మిక చట్టం, అంటే రాయల్ డిక్రీ 53/2023, ఏడాదికి 30 రోజుల వార్షిక సెలవు, 6 రోజుల అత్యవసర సెలవు ఇస్తుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: రోగికి తోడుగా ఉండటానికి ఏడాదికి 15 రోజుల సెలవు, జీతంతో. భార్యాభర్తలకూ రెండో డిగ్రీ లోపు బంధువులకూ ఇది వర్తిస్తుంది, కన్నబిడ్డ సంగతి చెప్పక్కర్లేదు. అరబిక్‌లో రోగికి తోడుండే మనిషిని మురాఫిక్ అంటారు, వార్డులోనూ ఆఫీసులోనూ ఆ మాటే వాడండి, పని త్వరగా తెమలుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఎవరి 15 రోజులు వారివే. ఆసుపత్రి స్టాంపుతో, బిడ్డ పేరు, మీతో బంధుత్వం, అడ్మిషన్ తేదీలు రాసిన ఉత్తరం ప్రతిసారీ తీసుకోండి. నెల తర్వాత వెళ్లి అడిగితే అది దొరకడం కష్టం.

మా దగ్గర పనిచేసిన ఒకాయన, జగిత్యాల వైపు మనిషి, మొదటి నెలన్నరలోనే సెలవంతా వాడేశారు. ఎవరూ వారించలేదు, నేనూ వారించలేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. మూడో నెలలో పాపకు తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చింది. పది రోజుల అడ్మిషన్. ఆ పది రోజులూ ఆయన సైట్‌లో నిలబడి ఫోన్ చూసుకుంటూ గడిపారు. ఆ తర్వాత నుంచి నేను అందరికీ చెప్పేదేమిటంటే, మొదటి వారం పూర్తిగా ఉండండి. ఆ తర్వాత వెన్నులో సూది వేసే రోజులు, కొత్త మందు మొదలయ్యే రోజులు చూసుకుని ఒక్కొక్క రోజు తీసుకోండి. కనీసం పది రోజులు జ్వరాల కోసం పక్కన పెట్టండి. జ్వరం వస్తుందా రాదా అని ఆలోచించకండి, ఈ చికిత్సలో చాలామంది పిల్లలకు ఏదో ఒక దశలో వస్తుంది.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు కన్నీళ్లొస్తే రానివ్వండి, కానీ చేతిలో ఒక కాగితం ఉండాలి. అందులో రాబోయే మూడు నెలల్లో తెలిసిన ఆసుపత్రి తేదీలు, మీరు లేనప్పుడు మీ పని చూసేవారి పేరు, మీరు ఫోన్‌లో దొరికే వేళలు రాయండి. అడగాల్సింది ఒక్కటే స్పష్టంగా అడగండి: షిఫ్ట్ రోజుకో రకంగా మారకుండా స్థిరంగా ఉంచమని. ఎందుకంత పట్టుబట్టాలో కింద చెబుతాను. ఓవర్‌టైమ్ పోతుంది, పోనివ్వండి. అదే రోజు హెచ్‌ఆర్‌ను బీమా పాలసీ కాగితాలు అడిగి తీసుకోండి. కార్డు మీద ఉన్నది సరిపోదు. ఏడాదికి గరిష్ఠ పరిమితి ఎంత, క్యాన్సర్‌కు వేరే పరిమితి ఉందా, ముందస్తు అనుమతి ఎన్ని రోజుల్లో ఇస్తారు, పాలసీ ఎప్పుడు రెన్యువల్ అవుతుంది అన్నవి అందులో వెతకండి. కంపెనీ బీమా సంస్థను మార్చే ఆలోచనలో ఉంటే మీ బిడ్డ చికిత్స కొనసాగింపు గురించి ముందే మెయిల్ రాయండి. నోటిమాట చాలదు.

ఇళ్లలో పనిచేసే అక్కాచెల్లెళ్లకు పైన చెప్పిన కార్మిక చట్టం వర్తించదు, వారి నిబంధనలు వేరు. కోనసీమ నుంచో కడప నుంచో వచ్చి అరబాబు (యజమాని) ఇంట్లో పనిచేస్తున్న తల్లికి, ఊళ్లో అమ్మమ్మ దగ్గరున్న తన బిడ్డకు జబ్బని కబురు వస్తే ఏం చేయాలి? ముందు బిడ్డ రిపోర్టు ఫోన్‌లో తెప్పించుకుని యజమానికి చూపించండి. మనసున్న యజమానులు టికెట్ కొనిచ్చిన సందర్భాలు నేను చూశాను. ఒప్పుకోకపోతే మస్కట్‌లో అల్ ఖువైర్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. ఊళ్లో చదువుకున్నవారెవరైనా మీ తరఫున విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009లో ఏర్పాటైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ రాయబార కార్యాలయం చేతిలో ఉంటుంది. ఆర్థిక స్థితి చూసి, అత్యవసర వైద్యానికి, ఇంటికి పంపడానికి అందులోంచి సాయం చేస్తారు.

ఇక్కడే వైద్యం చేయించాలా, ఇంటికి తీసుకెళ్లాలా? మస్కట్‌లో పిల్లల క్యాన్సర్‌కు పెద్ద చిరునామాలు రెండు: బౌషర్‌లోని రాయల్ హాస్పిటల్, అల్ ఖౌద్‌లోని సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ హాస్పిటల్. రెండోదాంట్లో ఎముక మజ్జ మార్పిడి 1994 నుంచే చేస్తున్నారు. వైద్యంలో లోటు లేదు. ప్రవాసులకు ఖర్చు లెక్క, రిఫరల్ లెక్క వేరు కాబట్టి మొదటి రోజే ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను కలవండి. సలాలాలో ఉంటే మస్కట్ వెయ్యి కిలోమీటర్లు. దూరప్రాంతాల నుంచి చికిత్సకు వచ్చే పిల్లలకూ వారితో వచ్చేవారికీ బస ఇవ్వడానికి ఒమన్ క్యాన్సర్ అసోసియేషన్ దార్ అల్ హనాన్ అనే ఇల్లు నడుపుతోంది. మీకు అక్కడ చోటు దొరుకుతుందేమో కూడా ఆ సోషల్ వర్కర్‌నే అడగండి.

ఇంటికి తీసుకెళ్లేటట్టయితే, హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్సకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. దూరం నుంచి వచ్చిన పిల్లలూ తల్లిదండ్రులూ చికిత్సాకాలంలో ఉచితంగా ఉండటానికి సెయింట్ జూడ్ ఇండియా వారి ఇళ్లున్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

ఎక్కడుండాలో నిర్ణయించడానికి నా కొలమానం వేరే ఉంది. ఆసుపత్రి పేరు ఎంత పెద్దదన్నది తర్వాత చూడండి. బిడ్డ దగ్గర వంతులు మార్చుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కడ దొరుకుతారో ముందు చూడండి. మస్కట్‌లో తల్లి ఒక్కతే, తండ్రి పగలంతా పనిలో, ఇంకో పసిబిడ్డ ఇంట్లో ఉంటే, మూడో నెలకల్లా ఆ తల్లి కూలబడిపోతుంది. ఊళ్లో అమ్మమ్మ, మేనమామ, పిన్ని ఉంటే ఊరే మేలు. మార్చేదుంటే డాక్టర్లు ఆమోదించిన సమయంలో, కణాల సంఖ్య కోలుకున్నాక, చికిత్సా ప్రణాళిక, బయాప్సీ, ఎముక మజ్జ రిపోర్టులు, ఇప్పటివరకూ ఇచ్చిన మందుల మోతాదుల పట్టిక చేతిలో పెట్టుకుని బయల్దేరండి. ఇంకో సంగతి: ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే ఒమన్ వీసా చెల్లకుండా పోయే నిబంధన ఉంది. తల్లీబిడ్డలను పంపేముందు తిరుగు ప్రయాణం తేదీ మీ కంపెనీలో వీసా పనులు చూసే పీఆర్ఓతో కూర్చుని తేల్చుకోండి.

ఇక బిడ్డ సంగతి. ఇంతవరకూ చెప్పిందంతా దీనికోసమే.

ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లకు తన చేతిలో ఏమీ ఉండదు. ఎప్పుడు సూది గుచ్చుతారో, ఎప్పుడు లేపుతారో, ఎప్పుడు ఇంటికి పంపుతారో తెలియదు. ఆ గందరగోళంలో పిల్లకు అన్నిటికంటే ధైర్యమిచ్చేది చెప్పిన వేళకు వచ్చే మనిషి. అందుకే షిఫ్ట్ స్థిరంగా ఉంచమని అడగమన్నాను. "నాన్న రోజంతా నీతోనే ఉంటాడు" అని చెప్పి, ఫోన్ రాగానే వెళ్లిపోతే పిల్ల మనసు విరుగుతుంది. "సాయంత్రం ఆరున్నరకు వస్తాను, నీకు అన్నం తినిపించి వెళతాను" అని చెప్పి రోజూ ఆరున్నరకే గుమ్మంలో కనిపించండి, నాలుగో రోజుకు పిల్ల గడియారం చూడటం నేర్చుకుంటుంది. బిడ్డ హైదరాబాద్‌లో, మీరు మస్కట్‌లో ఉంటే వీడియో కాల్‌కూ ఇదే నియమం. అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ ఆరున్నర. ఆ వేళ మీ షిఫ్ట్‌లో పడితే ఇంకో వేళ చెప్పండి, కానీ చెప్పినదాన్ని తప్పకండి. కాల్‌లో "ఎలా ఉన్నావురా?" అని పదిసార్లు అడగడం కంటే ఒక కథను రోజుకింత చెప్పుకుంటూ పోవడం మంచిది. తెనాలి రామకృష్ణుడి కథలు ఎన్ని రోజులకైనా సరిపోతాయి.

అబద్ధం చెప్పకండి. "సూది కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అని ఒక్కసారి చెప్పి దొరికిపోతే, తర్వాత "ఈ బిళ్ల మింగితే వాంతి తగ్గుతుంది" అన్న నిజాన్ని కూడా పిల్ల నమ్మదు. నొప్పి ఉంటుంది, ఇంతసేపే ఉంటుంది, నేను చెయ్యి పట్టుకుంటాను అని చెప్పండి. చిన్నపిల్లలను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టుకుంటే భయం రెట్టింపవుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఛాతీకి ఆనించుకుంటానని నర్సును అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు. చర్మాన్ని మొద్దుబార్చే నంబింగ్ క్రీమ్ ఉంటుందేమో ముందే అడగండి, అది పని చేయడానికి గంట దాకా పడుతుంది. ఎంచుకోనివ్వగలిగిన చోట ఎంచుకోనివ్వండి: ఎడమ చెయ్యా, కుడి చెయ్యా? ముందు బిళ్లా, సిరపా? సూది వేయించుకోవాలా వద్దా అని మాత్రం అడగకండి, ఎందుకంటే వద్దంటే మీరు వినలేరు.

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు తాము చేసిన తప్పువల్లే జబ్బొచ్చిందని లోలోపల నమ్ముతుంటారు. చెల్లిని కొట్టినందుకో, అన్నం పారేసినందుకో అనుకుంటారు. అడగకపోయినా మీరే చెప్పండి: ఇది ఎవరి తప్పూ కాదు, నువ్వు చేసినదానివల్ల రాలేదు, చెల్లికి అంటుకోదు. ఈ మాట నెలకోసారి చెప్పాలి. ఇంట్లో ఎవరైనా దిష్టి అనో, తల్లి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో అంటే పిల్ల ముందే గట్టిగా ఆపండి. ఆ మాటలు తల్లిని చంపేస్తాయి. తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి, శుభ్రంగా ఉంటే చాలు. పసరు మందు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక్క చుక్క కూడా వద్దు, అది కీమో మందులతో కలిసి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు.

స్టెరాయిడ్ బిళ్లల వారాల్లో పిల్ల మారిపోతుంది. ముఖం ఉబ్బుతుంది, కోపం, ఏడుపు, విపరీతమైన ఆకలి. రాత్రి ఒంటిగంటకు పెసరట్టు కావాలంటుంది. ఇది మందు చేస్తున్న పని, గారాబం వల్ల వచ్చింది కాదు. ఫ్లాస్కులో వేడి పప్పుచారు, డబ్బాలో ఇడ్లీ సిద్ధంగా పెట్టుకుంటే ఆ తల్లికి ఒక యుద్ధం తప్పుతుంది. తెల్లకణాలు తక్కువున్నప్పుడు పచ్చివి, హోటల్ తిండి వద్దు, అప్పుడే వండినది వేడిగా పెట్టాలి. వార్డు ఏం చెబితే అదే నియమం. జుట్టు రాలడానికి ముందే పొట్టిగా కత్తిరించేస్తే తలగడ మీద కుప్పలు చూడాల్సిన బాధ తగ్గుతుంది. ఆడపిల్లలకు, పదేళ్లు దాటినవారికి ఇది చాలా పెద్ద విషయం. టోపీ ఎంచుకునే పని వాళ్లకే వదిలేయండి.

అమెరికాలో బీడ్స్ ఆఫ్ కరేజ్ అనే కార్యక్రమంలో ఒక్కో సూదికీ ఒక్కో అడ్మిషన్‌కూ పిల్లలకు ఒక్కో రంగు పూస ఇస్తారు. దానికి సంస్థ అవసరం లేదు. మత్రా సూక్‌లో అర రియాల్ పెడితే డబ్బా పూసలొస్తాయి. ఎరుపు రక్తపరీక్షకు, నీలం వెన్ను సూదికి, పసుపు ఇంట్లో నిద్రపోయిన రాత్రికి అనుకుని ఆ దండ పిల్లచేతే గుచ్చించండి. వచ్చిపోయే బంధువులకు పిల్లే వివరిస్తుంది, "ఎలా ఉన్నావు" అనే ప్రశ్న తప్పుతుంది.

చదువు ఆపకండి. ఇండియన్ స్కూల్‌లో క్లాస్ టీచర్‌ను కలిసి, రోజుకు అరగంటకు సరిపడే పాఠం మాత్రమే పంపమని అడగండి. సీబీఎస్ఈలో బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలి, కానీ తీవ్రమైన జబ్బుకు మినహాయింపు కోరవచ్చు, దానికి మెడికల్ సర్టిఫికెట్లు ఏడాది మొదటినుంచే పోగుచేయాలి. ఇంట్లో ఉన్న రెండో బిడ్డను మరవకండి. వారానికి ఒక సాయంత్రం తండ్రి ఆ బిడ్డదే. ఖురుం బీచ్‌లో గంటసేపు చాలు.

జ్వరం నియమం ఫ్రిజ్ మీద అంటించుకోండి. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 వచ్చిందంటే తెల్లవారేదాకా ఆగకండి, పారాసిటమాల్ వేసి దాచకండి. వార్డుకు ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి. అర్ధరాత్రి వాహనం లేకపోతే ఒమన్‌లో 9999కి ఫోన్ చేయండి. కణాలు పడిపోయిన బిడ్డలో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఒక సంచీ ఎప్పుడూ సర్ది ఉండాలి, అందులో బతాకా, బీమా కార్డు, మందుల పట్టిక, ఛార్జర్, ఒక జత బట్టలు ఉండాలి.

తోటి ఉద్యోగులకు ఒక మాట. "ఏదైనా కావాలంటే చెప్పు" అనకండి, ఆ మనిషి చెప్పలేడు. మంగళవారం క్యారియర్ నేను పంపుతాను, గురువారం నీ షిఫ్ట్ నాది, చిన్నబాబును స్కూల్ నుంచి నేను తెస్తాను అనండి. శుక్రవారం సెలవు కదా అని పది మంది పళ్లు పట్టుకుని వార్డుకు రాకండి. జలుబున్నవారు అసలే వద్దు. బౌషర్ బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్లు ఇవ్వండి. అవి సాధారణంగా అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి అందరూ ఒకేరోజు వెళ్లకుండా వంతులు వేసుకోండి. డబ్బు విషయంలో జాగ్రత్త: ఒమన్‌లో అనుమతి లేకుండా జనం దగ్గర చందాలు పోగుచేయడం నేరం. వాట్సాప్‌లో అకౌంట్ నంబర్ పెట్టి సందేశాలు తిప్పితే ఆ తండ్రికే చిక్కు తెస్తారు. సాయం చేసే దారేదో ముందు రాయబార కార్యాలయాన్నో, ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగం పెద్దలనో అడగండి.

చివరి దశలో, ఇంట్లో బిళ్లల కాలంలో, అందరూ సడలిపోతారు. జుట్టొస్తుంది, పిల్ల ఆడుకుంటుంది, ఒక పూట బిళ్ల మర్చిపోతారు. రోజువారీ బిళ్లలు తరచూ తప్పిన పిల్లల్లో లుకేమియా తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. ఆరున్నరకు ఫోన్ చేయడం ఎలా అలవాటైందో, రాత్రి బిళ్లకూ అలాగే అలారం పెట్టండి, నెలాఖరున ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టండి. చికిత్స ముగిసిన రోజున ఆసుపత్రి నుంచి మొత్తం సారాంశం అడిగి తీసుకోండి. ఏ మందు మొత్తం ఎంత ఇచ్చారో అందులో ఉండాలి, ఎందుకంటే కొన్ని మందులు గుండె మీద చూపే ప్రభావం ఏళ్ల తర్వాత బయటపడవచ్చు, అప్పుడు చూసే డాక్టరుకు ఈ అంకెలు కావాలి. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి ఫైల్లో, ఒకటి ఊళ్లో అమ్మమ్మ బీరువాలో.